పట్టుదల – విడుదల

కిందటేడు మా పెదమామయ్య పెద్దకర్మకి వేయించిన కార్డు ఇంకా నా పుస్తకాల మధ్యే ఉంది. పైన ఆయన ఫొటో, కింద నాలుగు వాక్యాలు. మొదటి వాక్యమే ‘పట్టుదలకు మారుపేరు’ అని మొదలవుతుంది. అందులో అబద్ధమేమీ లేదు. కాలవగట్టు పక్కన పది సెంట్ల హద్దు తగాదాలో పక్క పొలంవాళ్లమీద పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగి గెలిచిన మనిషి ఆయన.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో ఆడవాళ్లం కూర్చున్నాం. పిన్ని అప్పుడే లేచి బస్సుకి వెళ్లిపోయింది. ఆవిడ గుమ్మం దాటీ దాటకముందే, “ఏం మంకుపట్టే తల్లీ! తోడబుట్టినవాడిమీద పదిహేనేళ్లు కోర్టుకెక్కింది” అంది ఒకావిడ. అక్కడున్న ఎవరికీ ఆ మాట కొత్తగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు. రాత్రి ఇంటికొచ్చి కార్డు మళ్లీ చూస్తున్నప్పుడు గానీ తట్టలేదు. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే. ఎక్కింది ఒకే ఊరి కోర్టు. పోరాడింది ఒకే తండ్రి భూమి గురించి. ఏళ్లు లెక్కపెడితే పిన్నివే ఎక్కువ. ఆయనది పట్టుదల, ఆవిడది మంకుపట్టు ఎలా అయ్యాయి?

ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన దాన్ని. ఇలాంటి ప్రశ్న ఎదురైతే నిఘంటువు దగ్గరికి వెళ్లడం తప్ప నాకు ఇంకో దారి తెలియదు. ఈ వ్యాసం అలా మొదలైంది.

‘పట్టుదల’ని విడదీయమంటే మా క్లాసులో పిల్లలు ‘పట్టు + తల’ అని రాసేవాళ్లు. పరుషానికి సరళం వచ్చిందని, గసడదవాదేశమని కారణం కూడా చూపించేవాళ్లు. వాళ్లని తప్పుపట్టాలంటే నాకు మనసొప్పేది కాదు, ఎందుకంటే పట్టుదలకి తల అవసరమే కదా! కానీ ఇక్కడున్నది తల కాదు. పెరుగుదల, తగ్గుదల, తరుగుదల, మెరుగుదల, హెచ్చుదల... వీటన్నిటి చివరా ఉన్న ‘దల’ ఒకటే. క్రియని నామవాచకంగా మార్చే ప్రత్యయం అది. పట్టుకోవడం అనే పనికి పేరు పట్టుదల. అంతే. ఎవరు పట్టుకున్నారు, దేన్ని పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారు అనేవి ఆ మాటలో లేవు. ఆడా మగా తేడా అసలే లేదు.

ఇదే ప్రత్యయంతో మనకి ఇంకో ముఖ్యమైన మాట ఉంది, విడుదల. తమిళంలో దాని తోబుట్టువు విడుతలై. అక్కడ ఆ మాటకి స్వాతంత్ర్యం, విముక్తి అని అర్థం. పెరియార్ నడిపిన పత్రిక పేరు కూడా అదే. పట్టు, విడు అనే రెండు ధాతువులకీ ఒకే తోక తగిలిస్తే ఒకటి పట్టుదల అయింది, ఒకటి విడుదల అయింది. ఈ జంటని ఇన్నేళ్లూ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

పట్టు ధాతువుకి తమిళంలో సమానమైన రూపం పఱ్ఱు. అక్కడి శకటరేఫ జంట ఇక్కడ టకారం జంట అవుతుంది. వాళ్ల పుఱ్ఱు మనకి పుట్ట, వాళ్ల చుఱ్ఱు మనకి చుట్టు. అలాగే పఱ్ఱు మనకి పట్టు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రెంటినీ ఒకే చోట చేర్చింది. అయితే తమిళంలో పఱ్ఱు అంటే పట్టుకోవడంతోపాటు మమకారం, అనుబంధం, సంగం అని కూడా అర్థం. తిరుక్కురళ్‌లో సన్యాసం గురించిన అధ్యాయం చివరి ద్విపద మొత్తం ఈ మాటతోనే ఆడుకుంటుంది. విడిచిపెట్టడం కోసమే ఒకదాన్ని పట్టుకోమంటుంది. పట్టు, విడు రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడవడం మన భాషల్లో అంత పాతది.

పట్టుచీరలో పట్టు వేరు. అది సంస్కృత ‘పట్ట’ నుంచి వచ్చింది. పట్ట అంటే గుడ్డ, పట్టుబట్ట, శాసనం చెక్కే పలక కూడా. పొలం పట్టా కూడా ఆ కుదురులోదే. అంటే చీరా, పొలం కాగితం ఒక మాటకి పుట్టిన అక్కచెల్లెళ్లన్నమాట. మా ఇంట్లో ఈ రెండూ ఎలా ఎదురుపడ్డాయో తర్వాత చెప్తాను.

ఇక వాడుక సంగతి చూద్దాం. వ్యాకరణంలో లేని లింగభేదం వాడుకలో ఎంత పకడ్బందీగా ఉందో! మగపిల్లాడు సైకిలు కావాలని రెండు రోజులు అన్నం మానేస్తే ‘వాడికి పట్టుదల ఎక్కువ, వాళ్ల తాతపోలిక’ అంటాం. ఆడపిల్ల అదే పని చేస్తే మొండి, పెంకి, మంకు, పొగరు... పెద్దమనిషి అయ్యాక ఈ జాబితాకి ‘పంతం’ కూడా చేరుతుంది. సత్యభామ పుణ్యమా అని దానికి శృంగారపు వాసన ఒకటి. నంది తిమ్మన నుంచి భామాకలాపం దాకా ఆవిడ గట్టిగా నిలబడిన ప్రతిసారీ మనం దాన్ని అలుక అన్నాం. తీర్చగల మగవాడు ఎదుట ఉంటేనే అలుక అలుక అవుతుంది. ఆ పేరు పెట్టగానే ఆమె అడుగుతున్నదేమిటో వినాల్సిన పని తప్పిపోతుంది.

‘మొండి’ అనే మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మొండిచెయ్యి, మొండికత్తి, మొండిగోడ, మొండెం. తెగినదీ, పదును లేనిదీ, సగంలో ఆగిపోయినదీ మొండి. పట్టు అనేది చేతికి సంబంధించిన మాట. వేళ్లు ఉంటేనే పట్టు. మొండి అంటే ఆ వేళ్లు లేని చెయ్యి! అంటే ఒకే గుణానికి మగవాడి దగ్గర బిగించిన పిడికిలి పేరు పెట్టి, ఆడదాని దగ్గర తెగిన చెయ్యి పేరు పెట్టాం. మొండివాడు రాజుకంటే బలవంతుడన్న సామెత ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది, కానీ సామెతలో ఉన్నది ‘వాడు’. మొండిదాన్ని రాజుతో పోల్చిన సామెత నా చెవిన ఇంతవరకూ పడలేదు.

పట్టుబట్టడం, పట్టుబడడం అనే రెండింటి మధ్యా ఉన్న తేడా ఒక్క అక్షరమే. ఒకటి కర్తరి, ఒకటి కర్మణి. పట్టుబట్టిన ఆడదాన్ని లోకం పట్టుబడినదాన్ని చూసినట్టే చూస్తుంది. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. అన్నిటికంటే తెలివైన మాట మాత్రం ‘పట్టువిడుపులు’. సంసారమన్నాక పట్టువిడుపులుండాలి అని పెళ్లిపందిట్లోంచే మొదలుపెడతారు. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! ద్వంద్వసమాసంలో రెండు పదాలకీ సమాన ప్రాధాన్యం అని నేనే పాఠం చెప్పాను. ఇళ్లలో మాత్రం ఆ సమాసం ఎప్పుడో పంపకమైపోయింది. పట్టు ఒకరి వాటాకి, విడుపు ఇంకొకరి వాటాకి.

మరి ఆడవాళ్ల నిలకడని మెచ్చుకునే మాటలు లేవా అంటే, ఉన్నాయి. ఓర్పు, సహనం, క్షమ. తనకోసం నిలబడితే మొండి, ఇతరులకోసం నిలబడితే భూదేవంత ఓర్పు. ఈ సహనం కథ కూడా విచిత్రమైనదే. వేదభాషలో ‘సహ్’ ధాతువుకి మొదటి అర్థం భరించడం కాదు, జయించడం, పైచెయ్యి సాధించడం. సహస్ అంటే బలం. ఋగ్వేదంలో అగ్నిని బలపుత్రుడు అని పిలిచింది ఈ మాటతోనే. తర్వాత్తర్వాత అది ఓర్చుకోవడంగా మెత్తబడింది. ఆ పాత బలం ఇంకో రూపంలో మిగిలింది, అదే సాహసం. అంటే సహనం, సాహసం ఒకే వేరులోంచి వచ్చిన రెండు కొమ్మలు. ఒక కొమ్మ మనకి, ఒక కొమ్మ వాళ్లకి! ధర్మశాస్త్రాల్లో సాహసమంటే దౌర్జన్యం, బలాత్కారం. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యాజ్య విషయాల్లో అది ఒకటి. కాలం గడిచాక సాహసం వీరుడి గుణమైంది. స్త్రీల విషయంలో మాత్రం నేరం వాసన పోలేదు. ఆడవాళ్ల సహజదోషాలను లెక్కపెట్టిన ఒక ప్రసిద్ధ నీతిశ్లోకంలో సాహసం కూడా ఉంది. ఆ శ్లోకాన్ని మా కాలేజీ రోజుల్లో ఒక మాష్టారు మమ్మల్ని నవ్వించడానికి చదివేవారు. మేం నవ్వేవాళ్లం కూడా.

భగవద్గీత పదో అధ్యాయంలో కృష్ణుడు స్త్రీలింగ శబ్దాల్లో తానెవరో చెప్పినప్పుడు ఏడు పేర్లు వస్తాయి. వాటిలో వాక్కు, మేధ, ధృతి, క్షమ ఉన్నాయి. ధృతి అంటే పట్టి నిలపడం. ధర్మం, ధరణి పుట్టిన ధాతువే దానిదీ. అక్కడ ధృతీ క్షమా పక్కపక్కనే ఉన్నాయి. మనదాకా వచ్చేసరికి క్షమ ఒక్కటే మిగిలింది. ధృతి ఏమైంది? ఏనుగు లక్ష్మణకవి సుభాషితాల్లో పని మొదలుపెట్టనివాళ్లు, మధ్యలో వదిలేసేవాళ్లు, చివరిదాకా వదలనివాళ్లు అని ముగ్గురిని చెప్పే పద్యం ఉంది కదా, అందులో ధృతి ధీరులకి వెళ్లిపోయింది. బళ్లో ఆ పద్యం అప్పజెప్పిన ఏ ఆడపిల్లా ఆ మూడోరకంలో తనని ఊహించుకుని ఉండదు. నేను ఊహించుకోలేదు.

తెలుగులో ‘ఆగ్రహం’ అంటే కోపం. సంస్కృతంలో అది పట్టుకోవడం, పట్టుబట్టడం. సత్యాగ్రహంలో ఉన్నది ఆ అర్థమే. దక్షిణాఫ్రికాలో ఉద్యమానికి పేరు పెట్టమని గాంధీ అడిగితే మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహ’ అని సూచించాడు, దాన్ని గాంధీ ‘సత్యాగ్రహ’గా మార్చుకున్నాడు. మనం ఆ మాటని అలాగే తెచ్చుకున్నాం గానీ, విడిగా ఆగ్రహం అంటే మాత్రం మనకి కోపమే వినిపిస్తుంది. ఒక స్త్రీ పట్టుబడితే ‘ఎందుకంత కోపం?’ అని అడిగేవాళ్ల నిఘంటువు అదేననుకుంటా!

తెలుగువాళ్లకి పట్టుదల అనగానే గుర్తొచ్చేది పట్టువదలని విక్రమార్కుడు. చందమామ చదివి పెరిగిన తరాలకి అది కథ కాదు, జాతీయం. ఆడవాళ్లలో ఆ స్థానం ఎవరికిచ్చాం? నాకు సావిత్రి గుర్తొచ్చింది. ఆమె పేరుతో మనకున్న జాతీయం పాతివ్రత్యానిదే గానీ పట్టుదలది కాదు. ఈ ఇద్దర్నీ పక్కన పెట్టి చూడండి. ఇద్దరూ చావు వెంట నడిచినవాళ్లే. అతను శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు, ఆమె భర్త ప్రాణం వెనక నడుస్తుంది. తేడా నోటి దగ్గర వస్తుంది. విక్రమార్కుడు మౌనంగా ఉండాలి. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. మాట్లాడిన ప్రతిసారీ అతని పట్టు జారిపోతుంది. సావిత్రి మాట్లాడిన ప్రతిసారీ ఆమె పట్టు బిగుస్తుంది. మహాభారతం అరణ్యపర్వంలో ఆమె ఏడవదు, కాళ్లమీద పడదు. ఏడడుగులు కలిసి నడిస్తే స్నేహమన్నారు కదా అని మొదలుపెట్టి ధర్మం మీద చర్చ చేస్తుంది. ఆ మాటలకి మెచ్చి యముడు ఒక్కొక్క వరమే ఇస్తాడు. మామగారి కళ్లు, ఆయన రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకి కొడుకులు. ఆ చివరిదానితో ఆయన మాటకి ఆయనే పట్టుబడతాడు.

ఇది వాదించి గెలిచిన పట్టుదల. దాన్ని మనం నోములకీ ముత్తైదువుల దీవెనలకీ పరిమితం చేసుకున్నాం. పురాణం స్త్రీవాదపరంగా ఉందని నేననడం లేదు. భర్త లేకపోతే ఆమెకి బతుకు లేదనే విలువే ఆ కథ పునాది. ఆమె గెలుచుకున్నవాటిలో తనకంటూ తను అడిగింది ఏదీ లేదు. నా మాటల్లా, ఆమె చేసిన పనికి మనం పెట్టిన పేరు గురించే. వాదనని భక్తి అన్నాం.

ఇప్పుడు పిన్ని సంగతి. పేరు చెప్పను, చెప్తే మళ్లీ కేసు వేస్తానంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. దేశం మొత్తానికి రావడానికి ఇరవై ఏళ్లముందే వచ్చిన చట్టమని క్లాసులో గర్వంగా చెప్పేదాన్ని. అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి అది వర్తించదు. పిన్నికి 1979లో పెళ్లయింది, అమ్మకి అంతకుముందే. ఇద్దరూ బయటే ఉండిపోయారు. తాతయ్య 1998లో పోయాడు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చి పెళ్లి అనే అడ్డు తీసేసింది. అప్పటికీ పొలం పంపకాలు కాలేదు.

తర్వాతి సంవత్సరమే మామయ్యలు అక్కచెల్లెళ్లిద్దర్నీ భోజనానికి పిలిచారు. ఇద్దరికీ పట్టుచీరలు పెట్టారు. భోజనాలయ్యాక సంతకాలకి కాగితాలు తెచ్చారు. అమ్మ పెట్టింది. ‘అన్నయ్య అడిగాక కాదంటామా’ అంది మాతో. పిన్ని చీర తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. 2007లో పంపకం కోరుతూ దావా వేసింది.

నోటీసు రాయించుకోవడానికి ముందు ఆవిడ నా దగ్గరికొచ్చింది. నేను చదువుకున్నదాన్ని, స్త్రీవాద సభల్లో మాట్లాడేదాన్ని కదా. ఒకసారి చూసిపెట్టమంది. నేను చూశాను. చూసి, “అన్నదమ్ములతో పేచీ ఎందుకు పిన్నీ, కొంచెం పట్టువిడుపులు ఉండాలి కదా” అన్నాను. ఆవిడేమీ అనలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మా ఆయన వచ్చేదాకా ఉండి, కాఫీ తాగి వెళ్లింది. ఇక్కడ పట్టువిడుపుల గురించి ఇంత విశ్లేషణ రాసిన చేతిని నేను అప్పుడు ఎక్కడ పెట్టుకున్నానో!

తర్వాత జరిగిందంతా చట్టం ఆడిన ఊగిసలాట. వాయిదాలు, సాక్షులు, మారే జడ్జీలు అందరికీ ఉండేవే. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉంటేనే కూతురికి ఆ హక్కు అంది. తాతయ్య పోయి అప్పటికి పదిహేడేళ్లు. మొదట పెళ్లి అడ్డం, ఇప్పుడు చావు అడ్డం. ఇక కట్టిపెట్టమని అందరం చెప్పాం. పిన్ని కట్టిపెట్టలేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత వైఖరిని తోసిపుచ్చింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని చెప్పింది. 2022లో మామయ్యలు రాజీకి వచ్చారు. పిన్ని వాటాకి ఎకరం పది సెంట్లు వచ్చింది. యముడితో ఏడడుగులు నడిస్తే చాలిందట, కోర్టులో పదిహేనేళ్లు పట్టింది.

పెద్దకర్మ తర్వాత అమ్మ నన్నొక విచిత్రమైన కోరిక కోరింది. 2006లో తను సంతకం పెట్టిన కాగితం చూడాలంది. అప్పుడు చదవలేదట. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలుకి దరఖాస్తు చేశాం. వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ‘హక్కు విడుదల దస్తావేజు’ అని ఉంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని చివరిదాకా చదివింది. చీర సంగతి ఇందులో రాయలేదే అంది.

ఆ కాగితాన్ని నేను చాలా రోజులు బల్లమీదే ఉంచుకున్నాను. తెలుగు స్త్రీల సాహిత్యం పెద్ద పుస్తకాల పేర్లు గుర్తుచేసుకోండి. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’, ఓల్గా ‘స్వేచ్ఛ’, ‘విముక్త’. మనం విడుదల వైపు నిలబడి రాసుకున్నాం. విడుదల అంటే మనకి తలుపు తెరుచుకోవడం. అమ్మ చేతిలోని విడుదలకి ఉన్న అర్థం ఆమె తన చేతిలోది వదిలెయ్యడం. రెండు చోట్లా మాట ఒకటే. అసలు పట్టే లేనిచోట విడుదల అంటే వదులుకోవడమే అవుతుందేమో!

ఈ సందేహంతోనే ఓల్గా ‘విముక్త’ మళ్లీ చదివాను. 2010లో పుస్తకంగా వచ్చి, 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న సంపుటి. అదే పేరున్న కథలో ఊర్మిళ ఉంది. ఊర్మిళ మన ఆడవాళ్లకి కొత్త కాదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటలో ఆమె పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది. లక్ష్మణుడు తిరిగొచ్చి పక్కన చేరితే పరాయి మగవాడనుకుని ఉలిక్కిపడి లేచి, తనవాళ్లకి తెలిస్తే ఊరుకోరని గట్టిగా మందలిస్తుంది. ఈ పాటల్లో ఆడవాళ్లు రాముడి కథని ఎలా తమదిగా చేసుకున్నారో వెల్చేరు నారాయణరావు 1991లో వచ్చిన వ్యాసంలో వివరంగా చూపించారు. నాకు ఆ పాటలో ఇష్టమైనది ఆ మందలింపే. పద్నాలుగేళ్ల నిద్ర తర్వాత కూడా నోరు పడిపోలేదు.

ఓల్గా ఊర్మిళ నిద్రపోదు. మాట కూడా చెప్పకుండా లక్ష్మణుడు వెళ్లిపోయాక గది తలుపులు మూసుకుంటుంది. ఆ కోపం లోపల రగిలి రగిలి ఆలోచనగా మారుతుంది. ఆగ్రహం సత్యాగ్రహంగా మారిందని చెప్పొచ్చు. వనవాసం నుంచి తిరిగొచ్చిన సీతకి తలుపు తీసిన ఊర్మిళ ప్రశాంతంగా ఉంటుంది. ఆమె సీతకి చెప్పేది అధికారం గురించి. దాన్ని చేతుల్లోకి తీసుకోవాలి, దాన్నే వదులుకోవాలి, అప్పుడే మనం మనకి మిగులుతాం అనే అర్థంలో మాట్లాడుతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు వదులుకోవడం ఒక్కటే వినిపించింది. ఒక సెమినార్‌లో ఈ కథమీద పత్రం చదువుతూ ‘ఊర్మిళ సహనం, త్యాగం’ అని రాశాను కూడా. ఆ పత్రం కాపీ నా దగ్గరుంది. సిగ్గుగా ఉంది. తీసుకోవడం ముందు, వదులుకోవడం తర్వాత. ఆ వరస తారుమారైతే ఊర్మిళ మా అమ్మ అయిపోతుంది.

ఈ కథకీ వేమన పేరుమీద మనం బళ్లో చదివిన పట్టు పద్యానికీ ఉన్న దూరం చూడండి. పట్టాక విడవడం కంటే చావే మేలంటుంది ఆ పద్యం. విక్రమార్కుడి పట్టుదలా అలాంటిదే. ఆ శవం తనకెందుకో అతను అడగడు. పట్టుకున్నది ఏదన్నది లెక్కలేదు, పట్టే గొప్ప. పెదమామయ్య కార్డులో ఉన్న పట్టుదల ఇదేనేమో అనిపిస్తుంది నాకు. పది సెంట్ల కోసం ఆయన ఖర్చుపెట్టింది ఆ పది సెంట్ల ఖరీదు కంటే ఎక్కువని ఊరంతా చెప్పుకునేది, మెచ్చుకోలుగానే. అందుకే మగవాళ్ల దగ్గర్నుంచి ఈ మాటని ఉన్నదున్నట్టు లాక్కుని మనవాళ్లకి తగిలించడం నాకు పూర్తిగా నచ్చడం లేదు.

నచ్చకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈమధ్య స్త్రీల పట్టుదలని మెచ్చుకోవడం బాగా పెరిగింది. మహిళాదినం నాడు ప్రతి ఆఫీసులోనూ అదే ప్రసంగం. ఒంటరిగా పిల్లల్ని పెంచిన పట్టుదల, జబ్బుతో పోరాడుతూ ఉద్యోగం చేసిన పట్టుదల. అసలు అంత పట్టుదల అవసరమయ్యే పరిస్థితి ఎవరు తెచ్చారని మాత్రం ఎవరూ అడగరు. 1985 చట్టంలో పెళ్లి మెలిక లేకపోతే పిన్నికి ఏ పట్టుదలా అక్కర్లేకపోయేది. ఆ ఎకరం పొలంలో మామూలుగా వ్యవసాయం చేసుకుని, మామూలు మనిషిగా ముసలిదయ్యేది. ఓర్పు అన్న పాత చీరకి పట్టుదల అని కొత్త రంగు వేసి మళ్లీ మనకే పెడుతున్నారా అని నాకు అనుమానం. చాకలి ఐలమ్మ పేరు 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. సంతోషమే. అయితే విసునూరు దేశముఖ్ మనుషుల నుంచి ఆమె కాపాడుకున్నది తన కౌలుపొలంలో పండిన పంటని. స్త్రీ శక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె మాటల్ని చదివినవాళ్లకి తెలుస్తుంది, అది గుణం గురించిన కథ కాదు, గింజల గురించిన కథ అని. పట్టుదలకి ముందు ‘దేన్ని’ అనే ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న వదిలేసి మనిషిని పొగిడితే గింజలు కనపడకుండా పోతాయి.

ఈ వ్యాసం సగం రాశాక పిన్ని దగ్గరికి వెళ్లాను. 2007లో నేనన్న మాటకి క్షమాపణ చెప్పాలని కూడా ఉంది. ఆవిడ పెరట్లో మినుములు చెరుగుతోంది, తన పొలంలో కౌలుకి చేస్తున్నవాళ్లు తెచ్చి ఇచ్చినవి. కార్డు సంగతి, వసారాలో అన్న మాట సంగతి చెప్పాను. నీది మంకుపట్టు కాదు పిన్నీ, పట్టుదల అని రాస్తున్నాను అన్నాను. చేట ఆపకుండానే నవ్వింది.

“పట్టుదలా పాడా! సంతకం పెట్టమన్నారు, చెయ్యి రాలేదు. అంతేనమ్మా.”

నా క్షమాపణ గొంతులోనే ఉండిపోయింది. కాసేపాగి ఆవిడే, “అప్పుడు నోటీసులో సర్వే నంబరు తప్పు పడింది, నువ్వు చూసి చెప్తావనుకున్నా” అంది. నేను చెరిగిన మినుములు డబ్బాలోకి పోయడం మొదలుపెట్టాను. రెండు కిలోలు అమ్మకి మూటగట్టి ఇచ్చింది.